హెలికోనియా: ముక్కుకు తగ్గ పువ్వు

హోస్ట్: నమస్కారం మేడమ్. మా ఇంటి మెట్ల పక్కన ఎర్రగా, అంచున పసుపుతో జడకుచ్చుల్లా వేలాడే పూలున్నాయి. బర్డ్ ఆఫ్ పారడైజ్ అని చెప్పి అమ్మారు. ఫొటో చూడగానే మీరు కాదన్నారు.

అతిథి: కాదండీ. అది హెలికోనియా రోస్ట్రాటా. పెరూ, ఈక్వడార్ వైపు మొక్క. అసలు బర్డ్ ఆఫ్ పారడైజ్ దక్షిణాఫ్రికాది, నారింజ, నీలం రంగుల్లో పూస్తుంది.

హోస్ట్: ఆకు చూసి నేనైతే అరటి అనుకున్నాను.

అతిథి: చాలామంది అలాగే అనుకుంటారు. ఆకుల వరస చూడండి. అరటి ఆకులు చుట్టూ తిరుగుతూ వస్తాయి. హెలికోనియావి అటొకటి, ఇటొకటి, రెండే వరసలు. ఇంకో సంగతి, ఆ ఎర్రటిది పువ్వే కాదు. అరటిపువ్వుకి దొప్పలుంటాయి కదా, అలాంటిదే. ఒక దొప్పను వేలితో మెల్లగా వంచి లోపలికి చూడండి. సన్నటి గొట్టాల్లా పసుపుపచ్చగా నాలుగైదు కనిపిస్తాయి. పువ్వులంటే అవీ. ఒక్కోటి ఒక్క రోజే ఉంటుంది.

హోస్ట్: అయ్యో, ఇన్నాళ్లూ లోపలికి చూడనేలేదు! మరి దొప్పకి అంత రంగెందుకు?

అతిథి: హమ్మింగ్‌బర్డ్‌ని పిలవడానికి. గాల్లో నిలబడి తేనె తాగే చిన్న పిట్ట అది, పుప్పొడిని పువ్వు నుంచి పువ్వుకి మోస్తుంది. సుమారు 200 హెలికోనియా జాతుల్లో చాలావరకు అమెరికా ఉష్ణమండలానివే. పసిఫిక్ దీవుల్లో కొన్ని ఉన్నాయి, వాటి దొప్పలు ఎక్కువగా ఆకుపచ్చగా ఉంటాయి. అక్కడ గబ్బిలాలు వస్తాయి, రాత్రి పూట రంగుతో పనేముంది?

నాకు బాగా ఇష్టమైన కథ మాత్రం కరీబియన్‌లోని సెయింట్ లూసియా దీవిది. అక్కడ ఊదారంగు గొంతున్న ఒక హమ్మింగ్‌బర్డ్ ఉంది. మగదానికి ముక్కు పొట్టి, వంపు తక్కువ. ఆడదానికి పొడుగు, బాగా వంపు. హెలికోనియా కరీబియా పువ్వు మగ ముక్కుకి సరిపోతుంది, హెలికోనియా బిహాయ్ పువ్వు ఆడ ముక్కుకి.

హోస్ట్: ఒకే పిట్ట, ఆడదానికో పువ్వు, మగదానికో పువ్వా!

అతిథి: అవును. ఆ దీవిలో కరీబియా అరుదు. మరి మగవి ఏం తింటాయి? అక్కడి బిహాయ్‌లోనే మగ ముక్కుకి తగ్గ పొట్టి పువ్వులతో ఇంకో రకం తయారైంది! డొమినికా దీవిలో దీనికి తలకిందులు: బిహాయ్ అరుదు, కరీబియాలోనే ఆడవాటికి తగ్గ రకం వచ్చింది. ఈథన్ టెమెలెస్, జాన్ క్రెస్ అనే శాస్త్రవేత్తలు 2003లో దీన్ని ‘సైన్స్’ అనే పరిశోధన పత్రికలో రాశారు. అది చదివిన రోజు నాకు నిద్రపట్టలేదు.

హోస్ట్: మన దగ్గర ఆ పిట్టలు లేవుగా?

అతిథి: లేవు. తేనెపిట్టలు వస్తాయి, తేనె తాగుతాయి. గింజ కట్టకపోయినా దిగులొద్దు, నర్సరీల్లో దుంప కోసి పిలకలతోనే పెంచుతారు.

హోస్ట్: మా మొక్కలో ఒక కొమ్మ పూసి ఎండిపోయింది.

అతిథి: పూసిన కాండం మళ్లీ పూయదు. అడుగుదాకా కోసేయండి. పక్కన పిలక వచ్చే ఉంటుంది, దానికి ఎండ తగలనివ్వండి.