పెట్టెకు సొంత నిల్వ లేదు

వేదిక మీద ఉన్న పెద్దలకు, పూర్ణా మార్కెట్ నుంచి, కురుపాం మార్కెట్ నుంచి, గాజువాక నుంచి దుకాణాలు ముందుగానే కట్టేసి వచ్చిన తోటి వర్తకులకు నమస్కారం. నిర్వాహకులు నాకు ‘ఆన్‌లైన్ అమ్మకంలో మెళకువలు’ అనే విషయం ఇచ్చారు. నాకు తెలిసిన మెళకువలు తక్కువ. దెబ్బతిని నేర్చుకున్నది మాత్రం ఒకటుంది కాబట్టి దాని గురించే మాట్లాడతాను. విడి ప్యాకెట్టుగా అమ్మే సరుకునే పూర్తి పెట్టెగా కూడా అమ్మదలచినప్పుడు, నిల్వ లెక్కలు చూసే ఇన్వెంటరీ సాఫ్ట్‌వేర్‌లో ఆ పెట్టెను ఎలా ఎక్కించాలన్నది ఆ విషయం.

నాది అగరుబత్తీల వ్యాపారం. మొదట్లో నేను ప్యాకెట్టును ఒక సరుకుగానూ, 24 ప్యాకెట్ల పెట్టెను ఇంకో సరుకుగానూ ఎక్కించి, రెండింటికీ విడివిడిగా నిల్వ రాశాను. గోడౌన్‌లో ఉన్నవి 60 ప్యాకెట్లు. సాఫ్ట్‌వేర్‌లో మాత్రం విడివి 60, పెట్టెలు 2 అని కనిపించేవి. కార్తీక మాసంలో ఒకరోజు సాయంత్రానికి 35 విడి ప్యాకెట్లు, రాత్రికి రెండు పెట్టెలు అమ్ముడయ్యాయి. అంటే నేను 83 ప్యాకెట్లు పంపాలి, నా దగ్గరున్నవి 60. మిగిలిన 23 ప్యాకెట్లు ఎక్కడి నుంచి తెస్తాను? ఆర్డర్లు రద్దు చేసుకుని, అమ్మకందారు రేటింగు పోగొట్టుకున్నాను.

దీనికి మందు చాలా సాఫ్ట్‌వేర్లలో ఉంది. కొన్ని దాన్ని కిట్ అంటాయి, కొన్ని బండిల్ అంటాయి. పెట్టెకు వేరే ఎస్‌కేయూ, అంటే సరుకును గుర్తుపట్టే మన సొంత కోడ్, ఇవ్వండి, వేరే ధర ఇవ్వండి, వేరే ఫొటో పెట్టండి, కానీ నిల్వ మాత్రం ఇవ్వకండి. ‘ఈ పెట్టె అంటే ఆ ప్యాకెట్లు 24’ అని కలిపి ఊరుకోండి. అప్పుడు 60 ప్యాకెట్లుంటే 2 పెట్టెలు, మిగులు 12 అని సాఫ్ట్‌వేరే లెక్క కట్టుకుంటుంది. విడిగా 13వ ప్యాకెట్టు కదలగానే రెండో పెట్టె తనంతట తానే అమ్మకం నుంచి తప్పుకుంటుంది. ఎక్కించేటప్పుడు ముందు ప్యాకెట్టు, తరవాతే పెట్టె. ప్యాకెట్టు ఇంకా పుట్టకముందే పెట్టెను దానికి ముడిపెట్టబోతే సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు.

ఇక్కడ ఒక మినహాయింపు చెప్పకపోతే తప్పవుతుంది. కొనేవారు కంపెనీ సీలు వేసిన పెట్టెనే కోరితే, విడిగా మిగిలిన 24 ప్యాకెట్లను ఏదో అట్టపెట్టెలో సర్ది పంపడం కుదరదు. అలాంటివారు మీ ఖాతాదారులైతే సీలు పెట్టెకు నిజంగానే వేరే నిల్వ ఉంచండి. కానీ పెట్టె విప్పిన ప్రతిసారీ ఒక పెట్టె తగ్గినట్టు, 24 విడివి పెరిగినట్టు రాయాలి. ఆ రాత ఒక్కరోజు మరచినా లెక్క చెడుతుంది. ఇద్దరు పనివాళ్లున్న నా దుకాణంలో ఆ రాత నిలవలేదు. మీ దుకాణంలో నిలుస్తుందనుకుంటే ఆ దారిలోనే వెళ్లండి.

ఇంతవరకూ చెప్పింది సులువే. నేను అసలు చెప్పదలచినది వేరే ఉంది, దానికి నా మనసు ఇప్పటికీ సర్దుకోలేదు. అన్నీ సరిగా అమర్చుకున్నాక, నాకు సరుకు పంపే కంపెనీవారు ఒకనాడు పెట్టెలో 24 బదులు 20 ప్యాకెట్లు పెట్టడం మొదలుపెట్టారు. పెట్టె రంగు అదే, బొమ్మ అదే, ఇన్‌వాయిస్‌లోనూ ‘50 పెట్టెలు’ అనే ఉంది. ముందుగా ఒక్క మాట చెప్పలేదు. మా కుర్రవాడు 50 పెట్టెలు దించి, సాఫ్ట్‌వేర్‌లో 1,200 ప్యాకెట్లు చేర్చాడు. వచ్చినవి 1,000. లేని 200 ప్యాకెట్లను నేను ధీమాగా అమ్మకానికి పెట్టాను. గాజువాక నుంచి మూడు పెట్టెలు తెప్పించుకున్న ఒక పెద్దావిడ ఫోను చేసి, ‘బాబూ, పెట్టెకు ఇరవయ్యే ఉన్నాయి, తక్కిన నాలుగూ మీరే వెలిగించుకున్నారా?’ అని అడిగితే తప్ప నాకు తెలియలేదు. 12 ప్యాకెట్ల డబ్బు వెనక్కి ఇచ్చాను. ఆవిడ మళ్లీ ఆర్డరు పెట్టలేదు.

కంపెనీ మీద కోపం వచ్చింది, కానీ నా తప్పూ ఉంది. పెట్టె మీద లోపలి ప్యాకెట్ల సంఖ్యగానీ మొత్తం పరిమాణంగానీ ఉండాలని 2011 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనలు చెబుతున్నాయి. నా పెట్టె పక్కన ‘20’ అని ముద్రించే ఉంది. ఇన్నేళ్లూ చేతితో ఎత్తిన ఆ పెట్టెను నేను ఒక్కసారీ తిప్పి చూడలేదు. మీలో ఎందరు చూస్తున్నారు? దయచేసి చెయ్యి ఎత్తండి. సరే, నేను ఒంటరివాణ్ణి కాదు.

బార్‌కోడ్ చూసుకున్నా ఆనాడు తెలిసిపోయేది. ప్యాకెట్టు మీద 13 అంకెలుంటాయి, మన దేశంలో బార్‌కోడ్ అంకెలు జారీచేసే జీఎస్1 ఇండియా ఇచ్చినవైతే 890తో మొదలవుతాయి. పెట్టె మీద సాధారణంగా 14 అంకెలు. ప్యాకెట్టు కోడ్‌లోని మొదటి 12 అంకెల ముందు 1 నుంచి 8 వరకు ఒక అంకె చేర్చి, చివరి సరిచూపు అంకెను, అంటే ముందున్న అంకెల్లో తప్పుంటే పట్టిచ్చే అంకెను, మళ్లీ లెక్కకడతారు. ఉదాహరణకు ప్యాకెట్టుది 8901234567890 అనుకుంటే, ముందు 1 చేర్చిన పెట్టెది 18901234567897 అవుతుంది. పెట్టెలోని సంఖ్య మారితే పెట్టెకు కొత్త కోడ్ ఇవ్వాలన్నది జీఎస్1 వారి నియమం. కాబట్టి సంఖ్య మారిందని తెలియగానే పాత ఎస్‌కేయూలో 24 కొట్టేసి 20 రాయకండి, అప్పటికే వచ్చిన ఆర్డర్లు తారుమారవుతాయి. 20కి కొత్త ఎస్‌కేయూ తెరిచి, పాతదాన్ని చివరి పెట్టె అమ్ముడయ్యేదాకా ఉంచి మూసేయండి.

ఒక్కసారిగా వందల పెట్టెలు ఎక్కించేవారు ఎక్సెల్‌తో మరీ జాగ్రత్తగా ఉండాలి. పద్నాలుగంకెల కోడ్‌ను మామూలు గడిలో కొడితే అది 1.89012E+13 అని ముడుచుకుంటుంది. దాన్నే సీఎస్‌వీ అనే సాదా ఫైలుగా దాచి సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే ఆ కోడ్ 18901200000000గా వెళ్తుంది, మొదటి అంకెలు కలిసే పెట్టెలన్నిటికీ అదే కోడ్ పడుతుంది. ఆ నిలువు వరస అంతటినీ ముందే టెక్స్ట్‌గా మార్చుకుని, అప్పుడే అంకెలు కొట్టాలి.

ధర గురించి రెండు మాటలే. పెట్టె కొన్నవారు విడి ప్యాకెట్టుకు ఎంత పడిందో భాగించి చూస్తారు, మీరు కూడా చూసుకోండి, అది ఏ పరిస్థితిలోనూ ఎమ్మార్పీని దాటకూడదు. కొరియర్ ఖర్చును బరువుతోనే లెక్కించకండి: 40, 30, 25 సెంటీమీటర్ల పెట్టె కొలతలు మూడింటినీ గుణించి 5,000తో భాగించే కొరియర్లు, నిజం బరువు 4 కిలోలే అయినా 6 కిలోలకు బిల్లు వేస్తాయి.

నా పెట్టె ఒకటి ఆ తలుపు పక్కన బల్ల మీద ఉంచాను, సీలు విప్పలేదు. కాఫీకి లేచినప్పుడు దాన్ని తిప్పి, పక్కనున్న సంఖ్య చదివి, సీలు తీసి, లోపల ఉన్నవి లెక్కపెట్టండి. తేడా వస్తే నాకు చెప్పండి, నేను ఇక్కడే ఉంటాను.