ఉద్దానం ఇసుకలో, మందస కొండదారిలో పికప్ ట్రక్కు: ఖాళీగా ఒకసారి, బస్తాలతో ఒకసారి

నమస్కారం. నేను ఇప్పుడు శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలో, జీడి తోటల నడుమ సాగే ఒక ఇసుక బాట మీద ఉన్నాను. నా వెనుక కనబడుతున్నది నాలుగు తలుపుల ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ ట్రక్కు. ఇది షోరూము నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది. టైర్లు మార్చలేదు, ఎత్తు పెంచలేదు, స్ప్రింగులు ముట్టుకోలేదు. మూడు రోజుల పాటు దీనిని ఉద్దానం ఇసుకలోనూ, టెక్కలి దగ్గర రాతి నేల మీదా, మందస దాటాక మహేంద్రగిరి వైపు ఎక్కే కొండదారిలోనూ నడిపి, నేల మీద దీని పట్టు ఎంత, ఎగుడుదిగుడు దారిలో సస్పెన్షన్ ఎంతవరకు ఆదుకుంటుంది అనే రెండు విషయాలను మాత్రమే పరీక్షించాము. సీట్ల మెత్తదనం, తెర పరిమాణం వంటి వాటి గురించి ఈ వీడియోలో మాట్లాడను.

బండి మా బంధువులది. తయారీ సంస్థ పేరు కావాలనే చెప్పడం లేదు, ఎందుకంటే మీరు చూడబోయే బలమూ బలహీనతా ఒక కంపెనీవి కావు, ఈ తరగతి బళ్ళన్నిటివీ. గట్టి ఛాసీ, ముందు విడివిడిగా కదిలే డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్, వెనుక రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు, ఆ ఇరుసు మీద బండి బరువును మోసే కమాన్లు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల స్ప్రింగులు: టాటా జెనాన్ అయినా, మన రాష్ట్రంలోని శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ అయినా, టయోటా హైలక్స్ అయినా ముఖ్యమైన అమరిక ఇదే.

పరీక్షకు ముందు టెక్కలిలో ఒక లారీ మెకానిక్ షెడ్డులో టైర్ల గాలి సరిచూసుకుంటున్నప్పుడు, అక్కడ ఎన్నో ఏళ్ళుగా కమాన్లు కడుతున్న ఒక పెద్దాయన మా పని చూసి, "ఖాళీ బండికి కమాను పలకదు బాబూ, బరువెట్టి చూడండి" అన్నారు. ఆ ఒక్క మాటతో మా పరీక్ష పద్ధతి మొత్తం మారిపోయింది. ఇప్పటిదాకా నేను చూసిన పికప్ ట్రక్కు పరీక్షలలో చాలావరకు, నేను చేసినవి కూడా, వెనుక తొట్టి ఖాళీగా ఉండగా జరిగినవే. కానీ ఈ బండిని కొనే రైతు దానిని ఖాళీగా కొండ ఎక్కించడు. అందువల్ల ప్రతి పరీక్షనూ రెండుసార్లు చేశాము. మొదట ఖాళీగా చేసి, తరువాత ధర కోసం ఇంట్లో నిల్వ ఉంచిన జీడిపిక్కల బస్తాలు నాలుగు తొట్టిలో వేసి అదే పరీక్షను మళ్ళీ చేశాము. ఇక్కడి లెక్కలో బస్తా అంటే 80 కిలోలు కాబట్టి మొత్తం 320 కిలోలు. ఇది డ్రైవరు బరువుతో కలిపినా బండి పత్రాలలో అనుమతించిన పరిమితి లోపలే ఉంది.

మొదటి పరీక్ష టెక్కలి దగ్గర, యజమాని అనుమతితో, ఒక చదునైన రాతి నేల మీద చేశాము. అక్కడ 20 డిగ్రీల వాలుతో చేయించిన ఇనుప ర్యాంపు మీదికి ఒకవైపు ముందు చక్రాన్ని మెల్లగా ఎక్కిస్తూ, మిగిలిన మూడు చక్రాలలో ఏదో ఒకటి నేలను వదిలే క్షణంలో బండిని ఆపుతాము. ర్యాంపు మీద చక్రం ఎంత దూరం ఎక్కిందో కొలిచి, దానిని ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య ఉన్న దూరంతో భాగించి, వెయ్యితో గుణిస్తే వచ్చేదే ర్యాంప్ ట్రావెల్ ఇండెక్స్. ఆ అంకె ఎంత ఎక్కువగా ఉంటే, గుంతలూ మిట్టలూ ఉన్న దారిలో బండి నాలుగు కాళ్ళనూ అంత ఎక్కువ సేపు నేల మీద ఉంచగలదని అర్థం.

ఖాళీ బండి 1,240 మిల్లీమీటర్లు ఎక్కాక, అదే వైపు వెనుక చక్రం నేలను వదిలింది. ఇరుసుల మధ్య దూరం 3,100 మిల్లీమీటర్లు కనుక ఇండెక్స్ సరిగ్గా 400 వచ్చింది. బస్తాలు వేశాక అదే బండి 1,330 మిల్లీమీటర్లు ఎక్కి, 429 దగ్గర ఆగింది. బరువు పెరిగితే సస్పెన్షన్ ఇంకా బాగా కదలడమేమిటని మీకు అనిపించవచ్చు, నాకూ మొదట అలాగే అనిపించింది. ఖాళీగా ఉన్నప్పుడు కమాన్ల మీద భారం చాలా తక్కువ కాబట్టి అవి దాదాపు పూర్తిగా విచ్చుకుని ఉంటాయి. చక్రం గుంతలోకి దిగవలసి వచ్చినప్పుడు వాటికి ఇంకా కిందికి చాచుకునే అవకాశం మిగలదు. బస్తాలు పడిన తరువాత కమాను తన కదలిక మధ్యలోకి వచ్చి కూర్చుంటుంది, అప్పుడు పైకీ కిందికీ రెండు వైపులా చోటు ఉంటుంది. పెద్దాయన చెప్పిన "పలకడం" ఇదే.

ఇక ఇసుక. ఉద్దానం ఇసుక నేలల్లో కొబ్బరీ జీడీ ఎంత బాగా పెరుగుతాయో, బండి చక్రాలు అంత సులువుగా దిగబడతాయి. మేము ఎంచుకున్న బాట 150 మీటర్ల పొడవున మెత్తని పొడి ఇసుక. టైర్లలో గాలి రోడ్డు మీద ఉంచే 32 పీఎస్‌ఐ వద్దనే ఉంచి, వెనుక చక్రాలకు మాత్రమే శక్తి అందే టూ హైలో ఖాళీ బండిని నడిపితే, 12 మీటర్లు వెళ్ళేసరికి వెనుక చక్రాలు రిమ్ము అంచు దాకా కూరుకుపోయాయి. అక్కడ ట్రాక్షన్ కంట్రోల్ కూడా సహాయం చేయలేదు. చక్రం జారుతోందని గ్రహించి అది ఇంజిను శక్తిని తగ్గించివేసింది, ఇసుకలో ఊపు పోయిన బండి అక్కడే దిగబడుతుంది. ఇసుకలోకి దిగే ముందు ట్రాక్షన్ కంట్రోల్‌ను ఆపివేయండి. నాలుగు చక్రాలకూ శక్తి ఇచ్చే ఫోర్ హైలో అదే గాలితో వెళ్తే సుమారు 60 మీటర్లు సాగింది. గాలిని 18కి తగ్గించిన తరువాత అదే బండి, అదే డ్రైవరు, అదే గేరుతో 150 మీటర్లూ ఎక్కడా తడబడకుండా దాటింది.

గాలి తీస్తే టైరు వెడల్పుగా పరుచుకుంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి నేలను తాకే జాడ వెడల్పులో కొంచెమే పెరుగుతుంది, పొడవులో బాగా పెరుగుతుంది. పాదం నేల మీద పూర్తిగా ఆనినట్టు, టైరు ఇసుకను తవ్వకుండా దాని మీదుగా సాగిపోతుంది. ఈ ఒక్క పనికి డబ్బు ఖర్చు కాదు, విడిభాగం కొననక్కరలేదు. అయితే తిరిగి తారు రోడ్డు ఎక్కే ముందు గాలి నింపుకోవడానికి బ్యాటరీతో నడిచే పంపు ఒకటి వెంట ఉండి తీరాలి, ఎందుకంటే తక్కువ గాలితో వేగంగా వెళ్తే టైరు వేడెక్కి పగిలే ప్రమాదం ఉంది.

బస్తాలతో ఇసుక దాటడం కష్టమైంది. బరువు మీద 18 ఉంచితే టైరు పక్కగోడ మరీ ఉబ్బి, మలుపులో దాని అంచు రిమ్ము నుంచి జారవచ్చు కనుక 22 పెట్టాము. బండి దాటింది, కానీ మధ్యలో ఒకసారి ఆపి మళ్ళీ కదిలించినప్పుడు ముందుకు రాలేదు. స్టీరింగు నిటారుగా పెట్టి, తన జాడలోనే ఒక బండి పొడవు వెనక్కి వచ్చి, ఆ గట్టిపడిన ఇసుక మీద నుంచి మెల్లగా ఊపు అందుకుంటేనే కదిలింది. ఇసుకలో బరువు బండికి శత్రువు, ఇందులో నాకు సందేహం లేదు.

సముద్రపు ఒడ్డున ఎందుకు పరీక్షించలేదని మీలో కొందరు తప్పకుండా అడుగుతారు. ఈ తీరానికి ఏటా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జీవులవి. గుడ్లు ఉన్న గుంత ఇసుక కింద పైకి కనబడదు, చక్రం దాని మీదుగా వెళ్తే గూడు మొత్తం పోతుంది. ఏ కాలంలోనైనా ఒడ్డు మీద బండి నడపడం నేను చేయను, మీరూ చేయవద్దని మనస్ఫూర్తిగా కోరుతున్నాను.

మూడవ రోజు మందస నుంచి కొండదారి పట్టాము. మహేంద్రగిరి శిఖరం 1,501 మీటర్ల ఎత్తులో, సరిహద్దుకు అవతల ఒడిశాలో ఉంది. మేము అంత దూరం వెళ్ళలేదు. కింది వాలులలో సవర గూడేల వైపు పోయే ఎర్రమట్టి దారి, వాన నీటికి కోసుకుపోయి మోకాలి లోతు చాళ్ళు పడి, మధ్యమధ్య గుండ్రాళ్ళు తేలి ఉన్న దారి, మాకు సరిపోయింది. మన ఉత్తరాంధ్ర కొండ గ్రామాల నుంచి గర్భిణులను డోలీలో మోసుకువస్తున్న వార్తలు మనం పత్రికలలో చదువుతూనే ఉన్నాము కదా. అటువంటి దారిలో ఒక మామూలు బండి ఎంత దూరం వెళ్ళగలదన్నది నాకు వినోదానికి సంబంధించిన ప్రశ్న కాదు.

ఖాళీ బండితో రాళ్ళున్న ఎగువ ఎక్కుతున్నప్పుడు వెనుక భాగం టకటక ఎగరడం మొదలుపెట్టింది. దీనికి కారణం కమాను రెండు పనులు చేయవలసి రావడం. అది బరువును మోయాలి, ఇరుసును దాని చోట పట్టి కూడా ఉంచాలి. ఇంజిను బలం ఒక్కసారిగా అందినప్పుడు ఇరుసు తిరగబోయి కమానును వంకర తిప్పుతుంది, టైరు జారిన మరుక్షణం ఆ వంకర విడిపోయి ఇరుసు తన్నుకుని ఎగురుతుంది, పట్టు దొరికి మళ్ళీ తిరుగుతుంది. ఎగిరిన ప్రతిసారీ టైరు నేలను వదులుతోంది కాబట్టి పట్టు కూడా పోతోంది. బస్తాలు వేసి అదే రాళ్ళ మీద, అదే లో రేంజి (వేగం తగ్గించి తిప్పుబలం పెంచే అమరిక) మొదటి గేరులో ఎక్కినప్పుడు ఆ ఎగురుడు దాదాపు ఆగిపోయింది. గంటకు 15 కిలోమీటర్ల వేగంలో లోపల కూర్చున్నవారి నడుముకు తేడా స్పష్టంగా తెలిసింది.

అయితే బస్తాలు ఎక్కడ పెట్టామన్నది కూడా లెక్కలోకి వస్తుంది. ఒకసారి వాటిని కావాలనే వెనుక తలుపు దగ్గరకు జరిపి చూశాము. భారం ఇరుసుకు వెనుకగా పడి ముందు చక్రాలు తేలికయ్యాయి, ఎగువ మలుపులో స్టీరింగు తిప్పినా బండి ఆలస్యంగా తిరిగింది. లోయ పక్కన ఉన్న మలుపులో అది ప్రాణాంతకం కావచ్చు. బస్తాలను క్యాబిను గోడకు ఆనించి, తాడుతో గట్టిగా కట్టండి.

తరువాత గుంతలు. ఎడమ ముందు చక్రమూ కుడి వెనుక చక్రమూ ఒకేసారి గాలిలో ఉండేలా వంతుల వారీగా గుంతలు ఉన్న చోట బండిని నిలిపాము. ఒక ఇరుసు మీది రెండు చక్రాలకూ ఇంజిను బలాన్ని పంచే గేర్ల పెట్టెను డిఫరెన్షియల్ అంటారు. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమానమైన తిప్పుబలాన్నే ఇస్తుంది. ఒక చక్రం గాలిలో ఉంటే దానిని తిప్పడానికి ఎంత తక్కువ బలం చాలునో, నేల మీద ఉన్న చక్రానికీ అంతే దక్కుతుంది. అందువల్ల బండి కదలదు. ఇక్కడ ట్రాక్షన్ కంట్రోల్ మేలు చేసింది. గాలిలో తిరుగుతున్న చక్రానికి అది బ్రేకు వేయగానే బలం రెండవ చక్రానికి చేరింది. కానీ ఆ పనికి దానికి రెండు మూడు క్షణాలు పట్టింది. చక్రం తిరుగుతున్న చప్పుడు వినగానే భయపడి యాక్సిలరేటరు వదిలేయడం చాలామంది చేసే పొరపాటు. వదలకుండా, పెంచకుండా, ఒకే తీరున తొక్కి ఉంచితే బండి తనంతట తాను బయటపడింది.

ఈ బండిలో వెనుక డిఫరెన్షియల్ లాక్ ఉంది, అది ఫోర్ లోలోనే, అంటే నాలుగు చక్రాలకూ లో రేంజిలో శక్తి అందేటప్పుడే పనిచేస్తుంది. అది వేసిన తరువాత వెనుక రెండు చక్రాలూ కలిసే తిరిగాయి, గుంత ఉందో లేదో అన్నంత నెమ్మదిగా బండి దాటిపోయింది. దాటగానే దానిని తీసివేయాలి. వేసి ఉంచితే బండి తిన్నగానే పోవాలని చూస్తుంది, గట్టి నేల మీద ఇరుసు భాగాలు నలుగుతాయి. లాక్ లేని రకం కొనేవారు నిరాశపడవలసిన పని లేదు, మా దారిలో అది తప్పనిసరి అయిన చోటు ఒక్కటే వచ్చింది.

దిగేటప్పుడు ఒక గెడ్డ అడ్డు వచ్చింది. ముందు నేను నడిచి వెళ్ళి, నీరు మోకాలి దాకానే ఉందనీ, కింద గట్టి గులకరాళ్ళు ఉన్నాయనీ చూసుకున్న తరువాతే బండిని దించాము. ఇందులో చెప్పుకోదగిన కష్టమేమీ ఎదురుకాలేదు.

మరునాడు ఉదయం టెక్కలి షెడ్డులోనే బండిని పైకెత్తి అడుగు భాగమంతా పరిశీలించాము. వెనుక డిఫరెన్షియల్ కింది భాగంలో రెండు తాజా గీతలు ఉన్నాయి, రెండూ ఒకే లోతున ఉన్నాయి. ఒకటి ఖాళీగా వెళ్ళినప్పటిది, రెండవది బస్తాలతో వెళ్ళినప్పటిది. బరువు పడితే ఛాసీ కిందికి వస్తుంది, కానీ డిఫరెన్షియల్ ఇరుసు మీద ఉంటుంది కాబట్టి దాని ఎత్తును నిర్ణయించేది టైరు మాత్రమే. కమాన్ల కింద దిమ్మలు పెట్టి బండిని పైకి లేపుదామనుకునేవారు ఈ గీతలను గుర్తుంచుకోండి. దిమ్మలు ఛాసీని లేపుతాయి గాని, రాయికి తగిలే ఈ భాగాన్ని ఒక్క అంగుళం కూడా లేపవు. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు.

అడుగు భాగంలో మరెక్కడా దెబ్బ లేదు. కమాన్ల పట్టీలు బిగుతుగానే ఉన్నాయి, షాక్ అబ్జార్బర్ల నుంచి నూనె కారలేదు. టైర్లు మాత్రం బాగా దెబ్బతిన్నాయి. హైవే కోసం చేసిన ఈ టైర్ల గాళ్ళలో ఎర్రమట్టి నిండుకుని నున్నగా అయిపోవడం కొండ మీదనే చూశాము, ఇప్పుడు కుడి ముందు టైరు పక్కగోడ మీద రాయి కోసిన వేలెడు పొడవు గాటు కూడా కనబడింది. ఈ బండి నాదే అయితే నేను మార్చేది ఆ నాలుగు టైర్లనే. కంపెనీ ఇచ్చిన కొలతలోనే, పక్కగోడ దళసరిగా ఉండే ఆల్ టెర్రైన్ రకం వేయిస్తాను. కమాన్ల జోలికి వెళ్ళను.