చొక్కా పైకెత్తి చూడండి

(గుంటూరులో ఒక అంగన్‌వాడీ కేంద్రంలో తల్లులతో మాట్లాడిన మాటలు)

అమ్మలకీ, అమ్మమ్మలకీ, నాయనమ్మలకీ నమస్కారం. గుమ్మం దగ్గర నిలబడ్డ నాయనా, నువ్వూ లోపలికి రా. ఇది ఆడవాళ్ల మీటింగేం కాదు.

పిల్లల వార్డులో చాలా ఏళ్లు నర్సుగా చేశాను. అర్ధరాత్రి బిడ్డను భుజాన వేసుకొచ్చిన తల్లి ముందు దగ్గు గురించే చెబుతుంది. దగ్గు సంగతి తర్వాత, ముందు చొక్కా పైకెత్తమ్మా అనేదాన్ని. గట్టిగా దగ్గే బిడ్డకు ఇంకా గాలి ఆడుతున్నట్టే. నాకు టెన్షన్ పెట్టింది చప్పుడు లేని బిడ్డలే.

మన పెద్దవాళ్లు ‘డొక్కలెగరేస్తున్నాడు’ అంటారు చూశారా, చక్కటి మాట. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతుంది. ముక్కుపుటాలు అదురుతాయి. కొందరు ఊపిరి ఊపిరికీ మూలుగుతారు. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు ఫోన్‌లో టైమర్ పెట్టి, నిండా ఒక నిమిషం పొట్ట ఎన్నిసార్లు లేచిందో లెక్కపెట్టండి. 2 నెలల్లోపు బిడ్డకు 60, ఏడాదిలోపు 50, ఆ తర్వాత ఐదేళ్ల దాకా 40. అంతకు చేరినా, దాటినా ఆ రోజే డాక్టరుకు చూపించాలి. 2 నెలల్లోపు పసిగుడ్డయితే అప్పటికప్పుడే ఆసుపత్రికి. డొక్కలెగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా, మగతగా వాలిపోతున్నా 108కి ఫోన్ చేయండి. బండి వచ్చేదాకా బలవంతంగా పడుకోబెట్టకుండా ఒళ్లో కూర్చోబెట్టుకోండి.

పిల్లికూతలు వినిపించే బిడ్డ ఉన్నట్టుండి నిశ్శబ్దమై, సోలిపోతే తగ్గిందని సంబరపడొద్దు. కూత రావడానికి కూడా గాలి చాలడం లేదని అర్థం. మిర్చి యార్డు పనికి వెళ్లేవాళ్లు స్నానం చేసి, బట్టలు మార్చుకున్నాకే అలాంటి పిల్లల్ని ఎత్తుకోండి. ఆ ఘాటుకు పెద్దవాళ్లకే ఉక్కిరిబిక్కిరవుతుంది.

డొక్క మీద వాతలు పెట్టడం, ముక్కులో ఆముదం చుక్కలు వేయడం మాత్రం వద్దు. నాయనమ్మలు నన్ను తిట్టుకున్నా సరే. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి దిగిందంటే కొత్త జబ్బు తెచ్చిపెడుతుంది. కర్పూరం సంగతీ అంతే, కడుపులోకి పోతే ఫిట్స్ రావచ్చు.

ఇక గొంతులో అడ్డం పడటం. మా అక్క మనవడికి అప్పుడు 10 నెలలు. మేం వేరుశనక్కాయలు ఒలుస్తూ కబుర్లలో ఉన్నాం. వాడు నోరు తెరిచి మా వంకే చూస్తున్నాడు. ఏడుపు లేదు, దగ్గు లేదు. మొహం కందగడ్డలా ఉంది. అక్క నోట్లో వేలు పెట్టబోతే చెయ్యి లాగేశాను. కంటికి కనపడని గింజ కోసం వేలు పెట్టి కెలికితే అది ఇంకా లోపలికి పోతుంది.

వాణ్ణి ముంజేతి మీద బోర్లా వేసుకుని, దవడ పట్టుకుని, తల కిందికి ఉంచి, రెండు రెక్కల మధ్య అరచేతి మొదలుతో 5 దెబ్బలు వేశాను. రాలేదు. వెల్లకిలా తిప్పి, చనుమొనల మధ్య ఎముక మీద 5 సార్లు నొక్కాను. మళ్లీ బోర్లా. మూడో దెబ్బకు గింజ చాప మీద పడింది. వాడు ఏడ్చాడు. ఆ ఏడుపు విన్నాకే నా కాళ్లలో వణుకు మొదలైంది. అయినా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ముక్క లోపల మిగిలిందంటే వారాల తరబడి దగ్గు వదలదు.

ఏడాది దాటిన పిల్లలకైతే వీపు మీద 5 దెబ్బలు, ఆ తర్వాత వెనక నుంచి పట్టుకుని బొడ్డుకు కాస్త పైన లోపలికీ పైకీ 5 సార్లు నొక్కాలి. ఏడాదిలోపు వాళ్లకు పొట్ట మీద నొక్కకూడదు, కాలేయానికి దెబ్బ తగులుతుంది. బిడ్డ దగ్గగలుగుతుంటే ఇవేవీ చేయొద్దు, దగ్గనివ్వండి. స్పృహ తప్పితే నేల మీద పడుకోబెట్టి, 108 వాళ్లను స్పీకర్‌లో పెట్టి, వాళ్లు చెప్పినట్టు గుండె మీద నొక్కడం మొదలుపెట్టండి.

వింటే చేతికి రాదు. ఇదిగో బొమ్మ. గుమ్మం దగ్గర నాయనా, ముందు నువ్వు రా.