జీతం పెరిగింది, మరి నెలనెలా మందులో?

వ్యాఖ్యాత: నమస్కారమండి. కంపెనీల్లో పనిచేసేవాళ్లకి డాక్టరు రాసిన మందుల ఖర్చు ఎవరిస్తారు, ఎక్కడ ఆగిపోతుంది అన్నది ఈ రోజు మాట్లాడుకుందాం. ఉద్యోగుల ఆరోగ్య బీమా సలహాదారు మన స్టూడియోలో ఉన్నారు. మొదటి ఫోను పైడిభీమవరం నుంచి. చెప్పండి బాబూ.

కాలర్: నమస్తే అండి. మందుల కంపెనీలో ఆపరేటర్‌గా చేస్తన్నానండి. మా అమ్మకి షుగరు. ఇన్సులిన్ ఈఎస్‌ఐ, అదే జీతంలో చందా కోసే సర్కారు బీమా, దాని డిస్పెన్సరీలోనే తెచ్చుకుంటన్నాం. జూన్‌లో జీతం ఇరవై ఒక్క వేలు దాటీసింది. ఇంక నీకు ఈఎస్‌ఐ లేదు, కంపెనీ ఇన్సూరెన్సే అని చెప్పీసారు. అమ్మ మందులు ఏటి చెయ్యాలండి?

సలహాదారు: జీతం స్లిప్పు దగ్గరుందా? ఓటీ, అంటే ఓవర్‌టైమ్ డబ్బు కలిపి దాటిందా, ఓటీ లేకుండానే దాటిందా?

కాలర్: ఓటీ కలిపితే ఇరవై మూడు వేలు పైనే అండి. ఓటీ తీసేస్తే... ఇరవై ఒక్క వేల నాలుగు వందలు.

సలహాదారు: అయితే దాటినట్టే. ఎందుకడిగానంటే, ఓటీ డబ్బు మీద చందా కోస్తారు గానీ ఈఎస్‌ఐకి ఉన్న 21,000 జీతం పరిమితి చూసేటప్పుడు ఓటీని లెక్కలోకి తీసుకోకూడదు. ఓటీ వల్ల మాత్రమే దాటినవాళ్లు ఈఎస్‌ఐలోనే ఉంటారు. వింటున్నవాళ్లు తమ స్లిప్పు ఒకసారి చూసుకోండి.

మీ విషయానికొస్తే, దాటినా జూన్‌లోనే ఆగదు బాబూ. ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా ఒక చందా కాలం. మధ్యలో జీతం పెరిగినా ఆ కాలం అయ్యేదాకా మీ జీతంలో 0.75 శాతం కోయాలి, కంపెనీ 3.25 శాతం కట్టాలి. ఆ ఆరు నెలల్లో 78 రోజులకి తగ్గకుండా చందా పడితే మీకూ, మీమీద ఆధారపడిన అమ్మగారికీ వచ్చే సంవత్సరం జూన్ 30 దాకా వైద్యం ఉంటుంది, మందులతో సహా. జులై నుంచి కొయ్యడం ఆపేశారా?

కాలర్: ఆపీసారండి.

సలహాదారు: అది తప్పు. ఈఎస్‌ఐ నడిపే సంస్థ ఈఎస్‌ఐసీ పోర్టల్‌లో మీ పది అంకెల బీమా నంబరుతో లాగిన్ అయి ఏ నెలకి ఎన్ని రోజులు చూపించారో చూడండి. ఆ కాగితం ప్రింటు తీసి, సెప్టెంబర్ దాకా కట్టమని హెచ్‌ఆర్‌కి రాసివ్వండి. నోటిమాటగా వద్దు. అప్పటికీ కదలకపోతే 1800-11-2526కి చెప్పండి, అది ఈఎస్‌ఐసీ టోల్‌ఫ్రీ.

ఇంకోటి. మీకున్న ఈ వ్యవధిలోనే అమ్మగారి సంగతి చక్కబెట్టుకోవాలి. కంపెనీ గ్రూపు పాలసీ ఆసుపత్రిలో చేరితే ఇచ్చేది. ఇంట్లో రోజూ వేసుకునే ఇన్సులిన్‌కి అది మామూలుగా పైసా ఇవ్వదు. కొన్ని పాలసీల్లో అమ్మానాన్నల పేర్లే ఉండవు, విడిగా ప్రీమియం కడితేనే చేరుస్తారు. పాలసీలో అమ్మగారి పేరుందా, ఆసుపత్రిలో చేరకుండా వాడే ఓపీ మందులకి ఏమైనా ఇస్తుందా అని ఇప్పుడే అడగండి. లేదంటే బీపీ, షుగరు మాత్రలు పీహెచ్‌సీలో ఉచితం, మిగతావి జనఔషధి షాపులో ఎంతవుతాయో కనుక్కోండి. పెరిగిన జీతమూ, నెల మందుల ఖర్చూ పక్కపక్కన పెట్టి చూస్తే మీ ఇంటి లెక్క తేలుతుంది.

వ్యాఖ్యాత: గరివిడి నుంచి అమ్మ లైన్లో ఉన్నారు.

కాలర్: మా ఆయనకి విశాఖపట్నంలో గుండెకి స్టెంట్ వేసారండి. కంపెనీ ఇన్సూరెన్సే. ఆసుపత్రి బిల్లులో చాలా కోసీసారు. ఇంటికొచ్చాక కొన్న మందుల బిల్లులు పంపితే అవీ తిప్పి పంపీసారు.

సలహాదారు: రెండూ వేరు వేరు సంగతులమ్మా, ఒక్కోటీ చూద్దాం. కోత కాగితంలో ఏం రాశారు?

కాలర్: రూము ఎక్కువ తీసుకున్నామట. మాకు రోజుకి మూడు వేలే, మేం ఐదు వేల రూములో ఉన్నాం.

సలహాదారు: మందుల దగ్గర కూడా కోశారా?

కాలర్: మందులు నలభై ఎనిమిది వేలు. పందొమ్మిది వేల రెండు వందలు తీసీసారు.

సలహాదారు: అంటే సరిగ్గా 40 శాతం. మూడు వేలు అర్హత ఉన్నచోట ఐదు వేల రూము తీసుకుంటే అర్హత 60 శాతం అయింది, మిగతా 40 కోశారు. డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్ ఛార్జీల మీద ఆ కోత ఉంటుంది. కానీ మందులు, స్టెంట్ లాంటి ఇంప్లాంట్లు, పరీక్షల మీద ఉండకూడదని బీమా కంపెనీల నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2020లో చెప్పింది, పాలసీ పత్రాల్లోకీ ఆ వాక్యం వచ్చింది. రూము పెద్దదైనంత మాత్రాన ఇంజక్షన్ ధర మారదు కదా. హెచ్‌ఆర్‌ని అడిగి పాలసీ కాపీ తీసుకోండి, దామాషా కోత, అంటే ఇలా శాతం లెక్కన కోసే సంగతి ఉన్న పేరా వెతకండి. అది చూపిస్తూ ఆ 19,200 తిరిగివ్వమని బీమా కంపెనీ ఫిర్యాదుల విభాగానికి మెయిలు పెట్టండి. స్టెంట్ మీద కోశారేమో కూడా చూడండి. ఒక నెలలో తేల్చకపోయినా, కాదన్నా ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల పోర్టల్ బీమా భరోసా, ఆ తర్వాత బీమా తగాదాలు తేల్చే అధికారి, హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్. బీమా కంపెనీ కాదన్న తేదీ నుంచి ఏడాదిలోపు వెళ్లాలి. రుసుము లేదు, లాయరు అక్కర్లేదు.

ఇక ఇంటి మందులు. బిల్లులు ఎలాంటివి?

కాలర్: షాపువాడు చిన్న చీటీ ఇచ్చాడండి. కొన్నిటికి కంప్యూటర్ బిల్లుంది, పేరు దగ్గర క్యాష్ అని ఉంది.

సలహాదారు: అక్కడే పోయిందమ్మా. డిశ్చార్జి తర్వాత మందులకి మామూలుగా 60 రోజులు, చేరకముందు 30 రోజులు ఇస్తారు. మీ పాలసీలో ఎన్ని రోజులో చూడండి. కానీ బిల్లు మీద రోగి పేరు, డాక్టరు పేరు, తేదీ, బ్యాచ్ నంబరు, షాపు డ్రగ్ లైసెన్స్ నంబరు ఉండాలి. చీటీ చెల్లదు. అదే షాపుకెళ్లి ఆ తేదీలకి పేరుతో బిల్లు ఇవ్వగలడేమో అడగండి, వాళ్ల కంప్యూటర్లో అమ్మకం ఉంటుంది. డాక్టరు రాసిన మందుల చీటీ తేదీ బిల్లు రోజుదో, అంతకంటే ముందుదో అయ్యుండాలి. డిశ్చార్జి కాగితంలో రాసిన మందే బిల్లులో కనబడాలి. గుండెకని చేరితే రక్తం పలచన చేసే మాత్ర, కొలెస్ట్రాల్ మాత్ర ఇస్తారు. పాత షుగరు మాత్రకి సంబంధం లేదంటారు, షుగరు కూడా డిశ్చార్జి కాగితంలో రోగనిర్ధారణగా ఉంటే అడగడానికి మీకు ఆధారం. 60 రోజులయ్యాక 15 రోజుల్లోపు బిల్లులు అందాలని చాలా పాలసీలు అంటాయి. ఈ గొడవలో పడి ఆయన మాత్రలు మాత్రం ఒక్కరోజు కూడా ఆపొద్దమ్మా, స్టెంట్ మూసుకుపోయే ప్రమాదం ఉంది.

వ్యాఖ్యాత: రాజాం నుంచి.

కాలర్: మా ఆవిడకి కేన్సర్ మాత్రలు ఇంటి దగ్గర వాడమన్నారు. ఆసుపత్రిలో చేరలేదు కాబట్టి బీమావాళ్లు డబ్బు ఇవ్వం అంటన్నారండి.

సలహాదారు: ఐఆర్‌డీఏఐ ఆధునిక చికిత్సల జాబితాలో మాత్రల రూపంలో ఇచ్చే కీమోథెరపీ ఉంది. పాలసీ దాన్ని పూర్తిగా తీసెయ్యకూడదు, ఇంతవరకే అని పరిమితి పెట్టుకోవచ్చు. అందుకని చికిత్సకి ముందే రాతపూర్వకంగా అనుమతి అడగండి. కేన్సర్ డాక్టరు చేత ఈ మాత్ర కీమోథెరపీ అని, మోతాదు, ఎన్ని విడతలో లెటర్ రాయించండి. హార్మోన్ మాత్రలైతే ఇది కీమో కాదని వాదిస్తారు, అక్కడ గట్టిగా చదవాల్సింది మీ పాలసీ మాటలే.

వ్యాఖ్యాత: నెల్లిమర్ల పెద్దాయన, చివరి ఫోను.

కాలర్: నేను జూట్ మిల్లులో చేసి రిటైరయ్యానండి. నాకూ మా ముసల్దానికీ బీపీ. ఇంకా ఈఎస్‌ఐ మందులు వస్తాయా?

సలహాదారు: వస్తాయి తాతగారూ. కనీసం ఐదేళ్లు ఈఎస్‌ఐలో ఉండి రిటైరైతే, నెలకి పది రూపాయల చొప్పున ఏడాదికి 120 ఒకేసారి కడితే మీకూ మామ్మగారికీ వైద్యం ఉంటుంది. మిల్లు ఇచ్చిన సర్వీసు కాగితం, పాత బీమా నంబరు, ఇద్దరి ఆధార్, ఫోటోలు పట్టుకుని ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసుకి వెళ్లండి. డిస్పెన్సరీలో మందు లేదంటే ఊరికే బయట కొనెయ్యొద్దు. మందు లేదని డాక్టరు చేత చీటీ మీద రాయించుకుని, తేదీ, స్టాంపు వేయించుకున్నాకే కొనండి, లేకపోతే ఆ డబ్బు తిరిగి అడగడం కష్టం. ఏడాది తిరిగేసరికి మళ్లీ కట్టాలి, ఆ తేదీ కార్డు మీదే పెన్నుతో రాసిపెట్టుకోండి.