కూతురికి తెచ్చిన చీర: ‘పథేర్ పాంచాలి’లో ఆ ఒక్క సీన్ అంతగా ఎందుకు ఏడిపిస్తుంది?

[స్క్రీన్ మీద: తుఫానుకు దెబ్బతిన్న పల్లెటూరి ఇల్లు, నలుపు తెలుపు ఫ్రేమ్]

నమస్కారం. ఈ వీడియో అంతా ఒకే ఒక్క సీన్ గురించి. బెంగాలీ సినిమా ‘పథేర్ పాంచాలి’. 1955లో వచ్చింది, సత్యజిత్ రే తీసిన మొదటి సినిమా. కథలోని ముఖ్యమైన మలుపు చెప్పక తప్పదు కాబట్టి, చూడనివాళ్ళు ముందు సినిమా చూసి వస్తే మంచిది.

ఈ సినిమాలో దుర్గ అనే అమ్మాయి చనిపోతుంది. తొలకరి వానలో తడిసి, జ్వరం వచ్చి, తుఫాను రాత్రి తల్లి చేతుల్లో ప్రాణం వదులుతుంది. ఆ రాత్రి గాలికి తలుపు ఊగిపోతుంటే, దీపం రెపరెపలాడుతుంటే మనకు గుండె దడ పుడుతుంది. కానీ చాలామందికి కన్నీళ్ళు ఆగనిది అక్కడ కాదు. ఆ తర్వాత వచ్చే సీన్‌లో. అక్కడ చావు లేదు, తుఫాను లేదు. ఒక నాన్న ఊరి నుంచి ఇంటికొస్తాడు, అంతే.

[స్క్రీన్ మీద: హరిహర్ ఇంటి ముందుకు వస్తున్న షాట్]

దుర్గ నాన్న హరిహర్ పౌరోహిత్యం చేసుకుని బతికే పేదవాడు. ఇల్లు బాగుచేయించాలి, అప్పులు తీర్చాలి. నాలుగు డబ్బులు సంపాదించుకొస్తానని ఊరు విడిచి వెళ్ళాడు. నెలలు గడిచాయి. తిరిగొచ్చేసరికి ఇల్లు సగం కూలి ఉంది. పిల్లల్ని పేరుపేరునా పిలుస్తాడు. దుర్గనూ పిలుస్తాడు.

లోపల అతని భార్య సర్వజయ ఆ పిలుపు వింటుంది. పలకదు. లేచి వస్తుంది, కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు పెడుతుంది, కూర్చోవడానికి పీట వేస్తుంది. దూరం నుంచి వచ్చిన మనిషికి ముందు నీళ్ళివ్వాలి కదా, మన ఇళ్ళల్లోనూ అంతే. మనసు ఎక్కడుందో తెలియని స్థితిలో కూడా ఆమె చేతులు ఆ పని చేసుకుపోతాయి.

హరిహర్‌కు ఇదేదీ పట్టదు. మూట విప్పి, తెచ్చినవి ఒక్కొక్కటే చూపిస్తాడు. రొట్టెలు చేసుకునే పీట, కర్ర. ఫ్రేము కట్టించిన లక్ష్మీదేవి పటం. చివరగా, ఇది దుర్గకు అంటూ ఒక చీర తీస్తాడు.

సర్వజయ ఆ చీర అందుకుంటుంది. మొహానికి అదుముకుని, పళ్ళతో కరిచిపట్టుకుని కుప్పకూలిపోతుంది.

ఇక్కడ కాసేపు ఆగుదాం. మనకు తెలిసింది హరిహర్‌కు తెలియదు. అతను మూట విప్పడం మొదలుపెట్టినప్పుడే, దాంట్లో దుర్గ కోసం ఏదో ఒకటి ఉండి తీరుతుందని మనకు అర్థమవుతుంది. రొట్టెల కర్ర బయటికొస్తుంది, ఇంకా అది రాలేదు. పటం వస్తుంది, ఇంకా రాలేదు. అతను సంతోషంగా మాట్లాడే ప్రతి మాటా మనకు టెన్షన్. ఆపాలనిపిస్తుంది, ఆపలేం. అక్కడ మనం కేవలం ప్రేక్షకులుగా మిగలం. దుర్వార్త తెలిసి, ఎలా చెప్పాలో తెలియక ఆ వాకిట్లోనే నిలబడ్డ బంధువులమైపోతాం.

పైగా అతను తెచ్చింది చీర. అదే నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. బొమ్మో, మిఠాయో కాదు. కూతురు ఎదుగుతోందని దూరాన ఉన్న నాన్న లెక్కేసుకున్నాడు. ఇన్ని నెలల్లో ఎంత ఎత్తు పెరిగి ఉంటుందో, ఏది కడితే బాగుంటుందో ఊహించుకుని కొన్నాడు. గల్ఫ్ నుంచి రెండేళ్ళకోసారి సెలవు మీద వచ్చే నాన్నలున్న ఇళ్ళు జగిత్యాల, నిజామాబాద్, కడప ప్రాంతాల్లో ఎన్నో. పిల్లల సైజు గుర్తుండదు, అందాజుగా కొంటారు. సూట్‌కేస్ తెరిచే ఆ నిమిషం కోసం ఇల్లంతా చుట్టూ చేరుతుంది. ఆ నిమిషం ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకు బెంగాలీ రాకపోయినా ఈ సీన్ అర్థమవుతుంది.

[స్క్రీన్ మీద: దుర్గను తల్లి కొట్టే పాత సీన్]

ఇంకో సంగతి. కాస్త వెనక్కి వెళ్దాం. పక్కింటివాళ్ళు పూసల దండ పోయిందని దుర్గ మీద దొంగతనం మోపుతారు. అవమానం భరించలేక సర్వజయ కూతుర్ని కొడుతుంది, జుట్టు పట్టుకుని ఈడ్చి బయటికి గెంటేస్తుంది. చీర నోట్లో కుక్కుకుని ఏడుస్తున్న తల్లిని చూస్తుంటే, ఆ దెబ్బలన్నీ ఇప్పుడు ఆమెకే తగులుతున్నట్టు ఉంటుంది. డైలాగ్‌తో ఎవరూ గుర్తుచేయరు. మనకే గుర్తొస్తుంది. రే ఆ తల్లిని దేవతలా చూపించి ఉంటే ఇప్పుడు ఇంత నొప్పి పుట్టేది కాదని నా నమ్మకం. విసుక్కున్న మనిషి, చెయ్యి చేసుకున్న మనిషి, అయినా ప్రాణంగా పెంచిన మనిషి. కుటుంబం అలాగే ఉంటుంది.

భరతుడి నాట్యశాస్త్రం చదువుకున్నవాళ్ళకు ఇది బాగా తెలుస్తుంది. శోకం స్థాయీభావం, అంటే లోపల నిలిచి ఉండే భావం. దాని నుంచి మనకు కలిగే అనుభూతి కరుణ రసం. దుర్గ ఆలంబన విభావం, అంటే ఆ శోకానికి ఆధారం. ఆమె కోసం తెచ్చిన చీర ఉద్దీపన విభావం. ఉన్న దుఃఖాన్ని రగిల్చే వస్తువన్నమాట. అంతవరకూ చేతులు పని చేసుకుపోతున్నా సర్వజయ లోపల గడ్డకట్టి ఉండటం స్తంభం. మనసులోని భావం ఒంట్లో దానంతట అదే బయటపడే సాత్త్విక భావాల్లో ఒకటి. ఆ స్తంభం అంతసేపు ఉండబట్టే, విరిగినప్పుడు మనమూ విరిగిపోతాం.

[స్క్రీన్ మీద: సర్వజయ ముఖం, ఆమె గొంతు లేకుండా సంగీతం మాత్రం]

ఇప్పుడు శబ్దం. సర్వజయగా నటించిన కరుణా బెనర్జీ అంత గట్టిగా ఏడుస్తున్నా ఆమె గొంతు మనకు వినపడదు. దాని చోట తార్ షెహనాయ్ వినిపిస్తుంది. పేరు షెహనాయ్ అయినా ఇది ఊదే వాద్యం కాదు. కమానుతో వాయించే ఎస్రాజ్‌కు లోహపు కొమ్ము బిగిస్తే వచ్చే తీగ వాద్యం. సంగీతం రవిశంకర్‌ది, ఈ వాద్యం వాయించింది దక్షిణా మోహన్ ఠాగూర్. పై స్థాయిలో ఒక్కసారిగా లేచే ఆ స్వరం మనిషి గొంతుకు చాలా దగ్గరగా ఉంటుంది, కానీ ఫలానా మనిషిది అనిపించదు. నటి ఏడుపే వినిపించి ఉంటే అది సర్వజయ ఏడుపు మాత్రమే అయ్యేది. ఆ గొంతు తీసేసి ఖాళీ వదిలారు. ఆ ఖాళీలో ఎవరికి వాళ్ళం మన ఇంట్లో విన్న ఏడుపు వింటాం.

కొంతసేపటికి హరిహర్‌కు విషయం తెలుస్తుంది. అతనూ కూలిపోతాడు. అప్పటిదాకా మోసిన సంగతిని మనం అతని చేతుల్లో పెట్టేసినట్టు ఉంటుంది. అక్కడే చాలామంది భోరుమంటారు.

ఈ సినిమా అసలు నెగెటివ్‌లు 1993లో లండన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. మిగిలిన వాటిని ఏళ్ళ తరబడి బాగుచేసి, 2015లో పునరుద్ధరించిన ప్రింట్ విడుదల చేశారు. చూస్తే అదే చూడండి. ఈ సీన్ వచ్చాక ఒకసారి మామూలుగా, మరోసారి సౌండ్ పూర్తిగా తీసేసి చూడండి. సంగీతం లేనప్పుడు హరిహర్ మూట విప్పుతున్నంతసేపూ సర్వజయ అతని వైపు ఎన్నిసార్లు చూసిందో, ఎప్పుడు చూపు తిప్పేసుకుందో గమనించండి.