తీసుకోవడానికి వీలుంటేనే దాచుకుంటారు

సభకు నమస్కారం.

గ్రామీణ పేదలకు బ్యాంకింగ్ అనగానే మన చర్చ నేరుగా అప్పుల మీదికి పోతుంది. నేను ఈ రోజు అప్పుల జోలికి వెళ్లను. పొదుపు గురించి, అందులోనూ దాచిన డబ్బు అవసరానికి తిరిగి చేతికి రావడం గురించి మాట్లాడతాను.

కూలి మీద బతికే కుటుంబానికి ఆదాయం నెల నెలా రాదు. పని దొరికిన రోజున వస్తుంది, లేని రోజున రాదు. జ్వరాలు, బడి ఫీజులు ఆ రోజులు చూసుకుని రావు కదా! అందుకే ఆ ఇంట్లో డబ్బు కొద్దికొద్దిగా, మాటిమాటికీ చేతులు మారుతుంటుంది. బ్యాంకుకు ఇదే చిక్కు. వంద జమ చేసినా లక్ష జమ చేసినా గుమాస్తాకు పని ఒకటే. వందతో మిగిలేది మాత్రం దాదాపు శూన్యం. పేదలకు పొదుపు అలవాటు లేదన్న మాట ఈ ఇబ్బందిని దాచుకోవడానికి పుట్టిన సాకని నా అభిప్రాయం.

ఇండొనేషియాలో ప్రభుత్వ బ్యాంకైన బ్యాంక్ రక్యాత్‌కు చెందిన గ్రామీణ శాఖల అనుభవం చూడండి. అక్కడి పాత పొదుపు ఖాతాలో వడ్డీ వచ్చేది కానీ నెలకు రెండుసార్లకు మించి డబ్బు తీయనిచ్చేవారు కాదు. జనం ఆ వైపు పెద్దగా రాలేదు. 1980ల మధ్యలో ‘సింపెడెస్’ అనే ఖాతా తెచ్చారు. చిన్న నిల్వలకు వడ్డీయే లేదు, అయితే ఎన్నిసార్లయినా తీసుకోవచ్చు. ఊళ్లలో ఇంత డబ్బుందా అన్నట్టు డిపాజిట్లు వచ్చిపడ్డాయి. కొన్నేళ్లకే ఆ శాఖలిచ్చే అప్పులకు ఆ పొదుపే సరిపోయింది.

దీనికి కొంత అడ్డొచ్చే ఉదాహరణ కూడా చెప్పాలి. పశ్చిమ కెన్యాలో ఆర్థికవేత్తలు పాస్కలిన్ డ్యుపా, జొనాథన్ రాబిన్సన్ చేసిన అధ్యయనం 2013లో వెలువడింది. అందులోని ఖాతాలకు వడ్డీ లేదు, పైగా తీసినప్పుడల్లా రుసుము కట్టాలి. అయినా సంతలో అమ్ముకునే స్త్రీలలో చాలామంది వాటిలో దాచుకున్నారు, వ్యాపారంలో పెట్టుబడి పెంచుకున్నారు. ఇంట్లో ఉంటే అడిగిన వాళ్లకు లేదనలేరు. ఆ చేతులకు కాస్త దూరంగా ఉండటానికే వాళ్లు రుసుము కట్టారనుకుంటాను. ఎదుటివాళ్లు అడిగితే అందకూడదు, తనకు కావాలంటే అందాలి. ఈ రెండూ కుదిరిన ఖాతాయే నిలుస్తుంది.

మన దేశానికి వద్దాం. 2014 ఆగస్టు 28న జన్‌ధన్ యోజన మొదలైంది. ఇన్ని కోట్ల మందికి ఖాతాలు తెరవడం చిన్న పని కాదు, ఆ ఘనతను తగ్గించను. కానీ ప్రపంచ బ్యాంకు 2021 సర్వేలో మన ఖాతాదారులలో 35 శాతం మంది ఏడాదిగా తమ ఖాతాను ముట్టుకోలేదని తేలింది.

ముట్టుకోవాలంటే ఊళ్లో ఉండే దారి బ్యాంకు మిత్ర, అంటే బ్యాంకు తరఫున ఊళ్లోనే డబ్బు జమ చేసుకుని, తీసి ఇచ్చే ఏజెంటు. రిజర్వు బ్యాంకు 2006లో ఈ ఏర్పాటుకు అనుమతినిచ్చింది. పింఛను పడిన రోజున అతని ముందు వరుస కడతారు. పనిచేసి అరిగిన వేళ్లను యంత్రం గుర్తించదు. గుర్తించినా అతని దగ్గర నగదు అయిపోతుంది. ఆ నగదు తేవడానికి పట్నం వెళ్లే ఖర్చు, దారిలో పోతుందన్న భయం అతనివే. దక్కేది మాత్రం కొద్దిపాటి కమీషను. ఇలాంటి మనిషి రేపు దుకాణం మూసేస్తే తప్పు పట్టగలమా? కొత్త పథకాలకు పెట్టే డబ్బులో కొంత అతని కమీషనుకు, నగదు రవాణాకు, బీమాకు పెడితే ఎక్కువ ప్రయోజనం.

మరో సంగతి. బ్యాంకు మిత్ర దగ్గరుండే చిన్న యంత్రం మైక్రో ఏటీఎంలో ఖాతా నుంచి సొమ్ము కోతపడి నగదు చేతికి రాకపోతే, 5 రోజుల్లో బ్యాంకు దాన్ని తిరిగి జమ చేయాలి. ఆపై ఆలస్యమైతే ఖాతాదారు అడగకుండానే రోజుకు రూ.100 చొప్పున పరిహారం చెల్లించాలి. ఇది 2019 నాటి రిజర్వు బ్యాంకు నిబంధన. దీన్ని ప్రతి బ్యాంకు మిత్ర గోడమీద పెద్ద అక్షరాలతో రాయించాలి.

ఇక జిల్లా బ్యాంకర్ల సమావేశాల్లో పంచే నివేదికలు. తెరిచిన ఖాతాల సంఖ్య పక్కన ఇంకొక గడి చేర్చమని అడుగుతున్నాను: ఎంతమందికి మొదటి ప్రయత్నంలోనే నగదు చేతికందింది? తిరస్కరించిన ప్రతి లావాదేవీ కంప్యూటర్లలో ఇప్పటికే నమోదవుతోంది. దాన్ని మండలాల వారీగా బయటపెట్టడమే మిగిలింది.