పిండం సిద్ధం, మరి ఆవు?

(హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో పాడి రైతులతో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. చేవెళ్ల, షాద్‌నగర్ వైపు నుంచి పొద్దున్నే పాలు పోసి వచ్చారు, కాబట్టి ఉపోద్ఘాతం పెట్టను. మేలైన ఆవు పిండాలు తీసి వేరే ఆవుల కడుపులో పెట్టడం నా పని. ఫోన్లో నన్ను ఎక్కువమంది అడిగేది ఒకటే: "సార్, గడ్డకట్టించిన పిండం ఎన్నాళ్లు ఉంటుంది?" ద్రవ నత్రజనిలో, అంటే మైనస్ 196 డిగ్రీల చలిలో, ఏళ్లకేళ్లు ఉంటుంది. దాని గురించి బెంగ వద్దు. నేను అడిగేది వేరు. దాన్ని మోయాల్సిన ఆవు ఏ రోజు ఎదకొచ్చిందో మీకు తెలుసా?

మేలైన ఆవైనా మామూలుగా ఏడాదికి ఒక్క దూడనే ఇస్తుంది. ఎక్కువ అండాలు విడుదల కావాలని దానికి నాలుగు రోజులు పూటకో హార్మోన్ సూది వేస్తాం. ఎదకు రాగానే మంచి ఆంబోతు వీర్యం వేసి, ఏడో రోజున సన్నటి రబ్బరు గొట్టంతో గర్భసంచి కడిగి పిండాలు తీస్తాం. కోత లేదు, కుట్లు లేవు. ఒక్కోసారి పది దొరుకుతాయి, ఒక్కోసారి ఒక్కటీ దొరకదు. ఆ రోజు రైతు మొహం చూడలేం.

పది దొరికితే ఇంకో చిక్కు. ఒక్కో పిండాన్ని ఒక్కో ఆవులో పెట్టాలి, ఆ ఆవూ పిండం ఇచ్చిన ఆవుతో పాటే ఎదకొచ్చి ఉండాలి. సరిగ్గా అదే రోజు ఎదకొచ్చిన ఆవులు పది ఎక్కడ దొరుకుతాయి? రెండో మూడో ఉంటాయి. మిగిలిన పిండాల కోసమే ఈ గడ్డకట్టించడం. టమాటాను ఫ్రీజర్‌లో పెట్టి తీస్తే మెత్తబడి నీరు కారుతుంది కదా, లోపలి నీళ్లు మంచు ముక్కలై కణాలను చీల్చేస్తాయి. పిండానికీ అదే గండం. అందుకే ఇథిలీన్ గ్లైకాల్ ద్రావణంలో ఉంచి, కణాల్లో నీరు కొంత బయటికి లాగి, నిమిషానికి అర డిగ్రీ చొప్పున మైనస్ 30 దాకా దింపి, అప్పుడు నత్రజనిలో ముంచుతాం. ఇలా గడ్డకట్టించిన పిండం నుంచి మొదటి దూడ 1973లో ఇంగ్లండ్‌లో పుట్టింది. పేరు ఫ్రాస్టీ. ఆ పని చేసినవారిలో ఇయాన్ విల్మట్ ఒకరు. క్లోనింగ్‌తో పుట్టించిన డాలీ గొర్రెతో తర్వాత లోకమంతటికీ తెలిసింది ఆయనే.

ఇక మీ కొట్టంలో సంగతి. పిండం ఉన్న స్ట్రాను, అంటే సన్నటి ప్లాస్టిక్ గొట్టాన్ని, నత్రజని క్యాన్‌లోంచి తీసి గాలిలో పది సెకన్లు, 30 డిగ్రీల నీళ్లలో అర నిమిషం ఉంచుతాం. ఇక నిమిషాల్లో ఆవు లోపలికి వెళ్లాలి. తిరిగి క్యాన్‌లో పెట్టడం కుదరదు. ఒకసారి నేను స్ట్రా కరిగించాక రైతు నసిగాడు: "ఎద సోమవారమో, గురువారమో... మా పిల్లాడు చూశాడు సార్." చెయ్యి పెట్టి చూస్తే అండాశయం మీద, అండం విడుదలైన చోట ఏర్పడి గర్భాన్ని నిలిపే పసుపు కండ, మేం కార్పస్ లూటియం అంటాం, అదే లేదు. తప్పు నాదే. ముందు ఆవును చూసి తర్వాత కరిగించాలి. పిండం పోయింది.

మోసే ఆవు ఏ జాతిదైనా పరవాలేదు. ఒంగోలు పిండం పెడితే ఒంగోలు దూడే పుడుతుంది, మోసిన తల్లి పోలిక రాదు. కాకపోతే పెద్ద జాతి పిండాన్ని పొట్టి ఆవులో పెట్టకండి, ఈనడం కష్టమవుతుంది.

తెల్లారుజామున, పొద్దుగూకేటప్పుడు కొట్టంలో కాసేపు నిలబడండి. అరుపు, తీగలా సాగే జిగురు, పక్క ఆవు మీదెక్కితే కదలకుండా నిలబడడం చూడండి. ఆ తేదీ గోడ మీద బొగ్గుతో రాయండి. ఏడో రోజుకు నన్ను పిలవండి. ఒక రోజు అటూ ఇటూ అయినా సర్దుకుంటాం. పదో రోజున మాత్రం పిలవకండి.